ఎస్తేరు నన్నే అడిగింది

ఒక్క మాట. దాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాను. "క్లియరే అమ్మా, తీసుకోండి." అబద్ధమని తెలిసే అన్నాను. నా భార్యకు ఈ సంగతి చెప్పలేదు. కాలనీలో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ఎదురుగా కూర్చుని ఉంటే మళ్ళీ నీళ్ళు నమిలేవాణ్ణి.

మీరు మెత్తటి పశ్చాత్తాపం కోసం చూస్తే దొరకదు. నాకు మండిపోతోంది. ఎవరి మీదో రాస్తూ పోతే తేలుతుందేమో చూద్దాం.

మాది కృష్ణా జిల్లా. మేడ్చల్‌లో మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి ఇటు వచ్చాం. శామీర్‌పేట వైపు ఒకాయన వెంచర్ వేస్తే ప్లాటు కొన్నాను. ఆయన పేరు రాయను. ధైర్యం లేకే రాయడం లేదు. మాకు ఇచ్చిన లేఅవుట్ నక్షాలో నా ప్లాటుకు ఎదురుగా ఆకుపచ్చ రంగు వేసి పార్కు అని రాసి ఉంది. అది చూసే ఆ ప్లాటు ఎంచుకున్నాను. పార్కు ఎదురని రేటు కూడా ఎక్కువే తీసుకున్నాడు మహానుభావుడు.

కొన్నాళ్ళకు ఆ పార్కు స్థలంలో హద్దురాళ్ళు దిగాయి. పక్క ప్లాట్ల నంబర్లకు 'ఏ' తగిలించి కొత్త ప్లాట్లు పుట్టించాడు. అప్పటికి కాలనీలో నాలుగైదు ఇళ్ళే ఉండేవి. అడిగేవాడు లేడు. నేనైనా అడగొచ్చు కదా? ఎలా అడుగుతాను? నా పిలక ఆయన చేతిలో ఉంది.

ఎలాగంటే, నా దస్తావేజులో సర్వే నంబరు తప్పు పడింది. పక్క రైతు పొలం నంబరు వేసేశారు. ఇంటి పర్మిషన్‌కు వెళ్తే, ఈ నంబరులో మీకు జాగానే లేదు పొమ్మన్నారు. దాన్ని సరిచేయాలంటే సవరణ దస్తావేజు రాయించాలి. దానికి అమ్మినవాడే మళ్ళీ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టాలి. తప్పు వాళ్ళది, బతిమాలేది నేను. ఇదెక్కడి న్యాయమండీ? కొన్నవాడు జీవితాంతం అమ్మినవాడి గడప దగ్గర నిలబడాలని ఏ పెద్దమనిషి రాశాడో! ఆ ప్లాటులోనే వేసుకున్న రేకుల గదిలో పిల్లల్ని పెట్టుకుని, ఆయన చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరగదీశాను. ఇవాళ కాదు, రేపు. రేపు కాదు, శ్రావణం వెళ్ళాక.

ఒక ఉదయం ఆయనే మా ఇంటికి వచ్చాడు. "ఎదురు ప్లాటుకు ఒకామె వస్తాంది సార్. మిమ్మల్నే అడుగుతది. ఒక్క మంచి మాట చెప్పుండ్రి. మీ సంతకం పని గీ వారంలనే అయిపోతది" అన్నాడు. బెదిరించలేదు. నవ్వుతూనే అన్నాడు. నా భార్య ఇచ్చిన టీ తాగి వెళ్ళాడు.

ఇక్కడ ప్లాట్లు కొనే మాలాంటి వాళ్ళందరిదీ ఒకటే పద్ధతి. కాగితాలు ఎన్ని చూసినా నమ్మకం కుదరదు. వచ్చి పక్కింటివాణ్ణి అడుగుతారు. వాడు బాగుందంటే అడ్వాన్సు ఇచ్చేస్తారు. నేను కొన్నప్పుడు కూడా ఇదే చేశాను.

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చారు ఎస్తేరు, ఆమె భర్త యోహాను. తెల్ల చీర, చేతిలో బైబిలు. నేను గేటు దగ్గరే ఉన్నాను.

"సార్, మేం గౌడవెల్లిల కిరాయికి ఉంటున్నం. నేను పేట్ బషీరాబాద్‌ల దవాఖాన్ల ఆయాగ జేస్తున్న. ఈన టైల్స్ పని జేస్తడు. ఈసీ తీపిచ్చినం, సాఫ్‌గ వచ్చింది. గానీ కాయితాలల్ల మాకేం సమజ్ గాదు. మీరు ఎదురుంగనే ఉంటున్నరు. గీ జాగకు లొల్లేం లేదు గద?"

ఈసీ అంటే ఒక స్థలం మీద అంతకుముందు జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితం. పార్కును ఎవరూ అమ్మలేదు, ఎవరూ తాకట్టు పెట్టలేదు. అందుకే దాని ఈసీ అంత శుభ్రంగా ఉంది. ఈ సంగతి ఎస్తేరుకు తెలియదు. నాకు తెలుసు.

"లొల్లేమీ లేదు. క్లియరే అమ్మా, తీసుకోండి" అన్నాను.

"మీ మాట మీదనే తీసుకుంటున్నం సార్" అంది.

యోహాను నాకు రెండు చేతులూ జోడించాడు. నేనూ జోడించాను. ఆ వారంలోనే నా సవరణ దస్తావేజు మీద సంతకం పడింది. పర్మిషన్ వచ్చింది, మేం స్లాబు వేసుకున్నాం.

వాళ్ళూ కట్టుకున్నారు. యోహాను పని చేసిన చోటల్లా మిగిలిన టైల్స్ అడిగి తెచ్చుకుని తనే పరిచాడు. ముందు గదిలో ఒక రంగు, వంటింట్లో ఇంకో రంగు. గృహప్రతిష్ఠ ప్రార్థనకు మమ్మల్ని పిలిచారు. పాస్టరుగారు నా వైపు చూసి, ఈ అన్నయ్య ద్వారా దేవుడు వీళ్ళకు నీడ చూపించాడని స్తోత్రం చెప్పారు. అప్పుడు నాకు ముద్ద దిగలేదని రాస్తే మీరు నమ్ముతారు. దిగింది. మారు వడ్డించుకుని మరీ తిన్నాను.

తరవాత కాలనీ నిండింది. మా ఊరు మున్సిపాలిటీలో కలిసింది. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు పాత నక్షా సంపాదించారు. పార్కు కబ్జా అయిందని ఫిర్యాదు రాసి ఇల్లిల్లూ తిరిగారు. నా దగ్గరికీ వచ్చారు. సంతకం పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని అడుగుతారు. పెట్టాను. కొనమన్నదీ నేనే, కూల్చమన్నదీ నేనే. ఇంతకంటే నీచమైన పని ఏదైనా ఉందేమోనని వెతికాను. ఉంటే కాస్త ఊరటగా ఉండేది.

పోనీ, నన్ను వదిలేయండి. నేను ఎలాగూ దొరికినవాణ్ణే. ఆ ప్లాటు రిజిస్ట్రేషన్ చేసిన రోజు అది పార్కు కాదా? స్టాంపు డ్యూటీ తీసుకున్న రోజు? ఇంటి నంబరు ఇచ్చి, కరెంటు మీటరు బిగించి, ఏటేటా ఆస్తిపన్ను వసూలు చేసుకున్నప్పుడు? అప్పుడెప్పుడూ కనిపించని పార్కు, ఎస్తేరు ఇంటి మీదికి జేసీబీ వచ్చిన ఉదయం మాత్రం అందరికీ కనిపించింది! రిజిస్ట్రేషన్ ఆఫీసును అడిగితే, మేం దస్తావేజు నమోదు చేస్తాం గానీ హక్కుకు పూచీ కాదన్నారట. మున్సిపాలిటీని అడిగితే, పన్ను కట్టినంత మాత్రాన స్థలం మీది అయిపోదన్నారట. అన్నీ చట్టప్రకారమే. అందరూ చేతులు దులుపుకున్నారు. అమ్మినవాడు ఇప్పుడు నాగారం వైపు వెంచర్లు వేస్తున్నాడు. ఇల్లు పోయింది మాత్రం ఎస్తేరుకు.

గోడలు కూలాక యోహాను పగలని టైల్స్ ఏరి గోనెసంచిలో వేసుకుంటున్నాడు. ఎస్తేరు నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీకు గూడ తెల్వకపాయె గద సార్. మిమ్మల్ని గూడ మోసం జేసిండు వాడు" అంది.

నేను తల ఊపాను. ఊపాను! ఆ మనిషి జాలిని కూడా కాజేశాను.

ఇప్పుడు వాళ్ళు మళ్ళీ గౌడవెల్లిలో కిరాయికి ఉంటున్నారు. అమ్మినవాడి మీద మోసం కేసు నడుస్తోంది. అది పార్కని చెప్పే అమ్మాను, తెలిసే కొన్నారు అని వాడి వాదన. ఆమెకు తెలియదని, తెలియకుండా చేయడానికి వాడు నన్ను వాడుకున్నాడని చెప్పగల సాక్షిని నేనొక్కణ్ణే. ఆమె నన్ను పిలవలేదు. సార్‌ను కోర్టు చుట్టూ తిప్పుడెందుకు అందట. నేనూ వెళ్ళలేదు. వెళ్తే నా సవరణ దస్తావేజు సంతకం కథ బయటికొస్తుంది. కాలనీలో తల ఎత్తుకోలేను. ఇన్నాళ్ళూ ఎత్తుకుని ఏం సాధించాను? వెళ్తానా? వెళ్తానని ఇక్కడ రాసేస్తే మీ దగ్గర మంచివాణ్ణి అయిపోతాను. అందుకే రాయడం లేదు.

ఎదురుగా ఇప్పుడు నిజంగానే పార్కు ఉంది. బెంచీలు వేశారు, చుట్టూ నడక దారి. పార్కు ఎదురిల్లని మా ఇంటికి విలువ పెరిగిందట. వాన పడినప్పుడు మట్టిలోంచి టైల్స్ ముక్కలు తేలతాయి. నీలం రంగువి వంటింటివి.

కోపం ఎవరి మీదో తేలుతుందేమో అన్నాను. తేలింది. వాడు వాడి పని చేశాడు, ఆఫీసులు వాటి పని చేశాయి. ఎస్తేరు వాళ్ళెవర్నీ నమ్మలేదు. నన్ను నమ్మింది.

ఆ ఆదివారం గేటు దగ్గర అనాల్సిన మాట ఒకటుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ నా నోటి నుంచి రాలేదు. ఇప్పుడు రాస్తూ పైకి అంటున్నాను. పక్క గదిలో నా భార్యకు వినిపిస్తే వినిపించనీ.

అమ్మా ఎస్తేరూ, అది పార్కు. కొనకండి.