కేక వేస్తేనే పడవ

భూపాలపల్లి జిల్లాలో గోదావరి ఒడ్డున రాజలింగు పడవ నడిపేవాడు. అవతల మహారాష్ట్ర. రాష్ట్రాలు వేరైనా రెండు ఒడ్డులదీ తెలుగే. వియ్యాలూ తిట్లూ ఒకటే. అవతలి నుంచి ఎవరైనా కేక వేస్తేనే పడవ తీయడం ఆయన పద్ధతి.

ఒక వరదలో, కాన్పు నొప్పులతో ఉన్న భార్యను అవతలి దవాఖానకు దాటించలేక పోగొట్టుకున్నాడు. అప్పటి నుంచి వంతెన కావాలని జరిగిన ప్రతి ధర్నాలో ముందు వరుసలో కూర్చున్నాడు.

వంతెన వచ్చింది. ఉపన్యాసాలిచ్చినవాళ్లు దాని మీద పేర్లు చెక్కించుకున్నారు. పడవ ఒడ్డున ఎండిపోతోంది. కేక వేసేవాళ్లు లేరు.

అవతలి ఊళ్లో కాపురముంటున్న కూతురు సమ్మక్క ఫోన్ చేసింది. "బాపూ, బస్సెక్కి రారాదూ? గడియల వస్తవు."

రాజలింగు నీళ్ల వైపు చూశాడు.

"వస్త గని బిడ్డా, ఒక్కపారి ఒడ్డుకొచ్చి నన్ను కేకెయ్యవా?"