గోడ మీది కన్ను

ఆ రోజుల్లో ఇంటర్ చదివే పిల్లవాడికీ పాఠం చెప్పే సారుకూ మాట తేడా వస్తే, తప్పు ఎవరిదో ఎవరూ విచారించేవాళ్లు కాదు. ఇప్పుడు మాత్రం విచారిస్తున్నారా అంటే నేను చెప్పలేను. నన్ను అబద్ధాలకోరు అన్నవాళ్లను మాత్రం వరసగా గుర్తుపెట్టుకున్నాను. ఆ వరసలో మొదటి పేరు మా ఫిజిక్సు సారుది. మేము ఆయనను చేట సారు అనేవాళ్లం. కాంతి కణాల పాఠం చెప్పిన రోజు ఆయన ఇంటి నుంచి చేట తెచ్చి బల్ల మీద నిలబెట్టి, గుప్పెడు శెనక్కాయలు దాని మీదికి విసిరాడు. "కాంతంటే ఇట్టాంటి గింజలేరా. చేటెనక ఒక్క కాయన్నా పడిందా? పడలా. దాన్నే నీడంటారు," అన్నాడు. (ఆ కాయలు ఏరుకుని తిన్నది మొదటి బెంచీవాళ్లు. మా బెంచీ దాకా ఒక్కటీ రాలేదు.) కాంతి అలలాగా కూడా నడుస్తుందని అదే పుస్తకంలో ముందు పాఠం చెప్పింది. సారు దాన్ని ఇంట్లో చదువుకోమన్నాడు.

చిత్తూరు సైన్సు ప్రదర్శనకు కాలేజీ నుంచి ఒక్కరినే పంపేవాళ్లు. నీడ ఎలా పడుతుందో చేసి చూపించు, బాగుంటే నువ్వే పోతావు అని సారు నాకు మాటిచ్చాడు. మా నాయన బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కాపు లేని కాలంలో అక్కడి గోడౌను ఖాళీగా ఉండేది. షట్టరు దించితే పట్టపగలే చీకటి, పులిసిన గుజ్జు వాసన, పైన కనబడని పావురాల గురగుర. కాణిపాకంలో కొన్న ఎర్ర లేజరు లైటు ముందు ల్యాబు కటకం పెట్టి, దాని ముందు గాజుముక్కకు అతికించిన సైకిలు బేరింగు ఇనుప గుండును నిలబెట్టాను. అవతలి గోడ మీద గుండ్రటి నీడ పడింది. ఆ నీడకు సరిగ్గా నడిమధ్యన ఎర్రటి చుక్క వెలుగుతోంది. గాజు తుడిచాను, గుండు మార్చాను, చుక్క పోలేదు. గుండును కాస్త పక్కకు జరిపితే నీడతో పాటు చుక్కా జరిగింది, కనుపాప తిప్పి నన్ను వెతుకుతున్నట్టు. నా వెనక ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. వాచ్‌మన్ భార్య, నేను అత్తా అని పిలిచే ఆమె. "ఒరే అబ్బోడా, గోడ మనల్నే సూస్తా ఉండాదిరా!" అంది. లేదు అనబోయి మళ్లీ గోడ వైపు తిరిగాను.

మర్నాడు క్లాసులో చెప్పాను. "నీడ నడిమద్దెన ఎలుతురా? గింజ చేటకు బొక్క పెట్టిందేమిరా?" అన్నాడు సారు. అందరూ నవ్వారు. "అబద్ధాలకోరును చిత్తూరుకు పంపి నా పరువు తీసుకోనా?"

"మీరే వచ్చి సూడండి సార్," అన్నాను.

"వస్తా. చుక్క లేకపోతే మాత్రం మొదటి బెంచీవోడు పోతాడు."

ఆ శనివారం మధ్యాహ్నం మోపెడ్ మీద వచ్చాడు. ఆలోగా అత్త తన పని తాను చేసేసింది. చుక్క కనబడిన చోట గోడకు పసుపు పూసి, కింద ప్రమిదలో దీపం పెట్టింది. ఆ వెలుగుకు నా చుక్క మాసిపోయింది.

"నీడ. ఉత్త నీడ," అన్నాడు సారు తృప్తిగా.

"అత్తా, దీపం ఆర్పు."

"కన్ను తెరిసిన గోడ ముందర దీపం ఆర్పేదా? నా శాత కాదప్పా."

నేనే ఊదేశాను.

పావురాలు కూడా సద్దుమణిగాయి. పసుపు మీద నల్లటి గుండ్రం, దాని మధ్య మెల్లగా ఎర్రటి కన్ను. సారు నడుచుకుంటూ గోడ దాకా పోయి వేలు పెట్టాడు. చుక్క ఆయన గోటి మీదికి ఎక్కింది. చటుక్కున చెయ్యి లాక్కుని మా వైపు తిరిగాడు. ఈసారి కన్ను ఆయన తెల్ల చొక్కా మీద, గుండెల దగ్గర తెరుచుకుంది. ఆయన తల వంచి దాన్ని చాలాసేపు చూశాడు. "దీపం ముట్టించమ్మా," అన్నాడు. ఆ గొంతు పాఠం చెప్పే గొంతు కాదు. పోతూ పోతూ షట్టరుకు తల కొట్టుకున్నాడు. (నేను నవ్వలేదు. నవ్వి ఉండాల్సింది.)

సోమవారం క్లాసులో, "పోయినా, సూసినా, ఆడేమీ లేదు," అన్నాడు నా వైపు చూడకుండా. మొదటి బెంచీవాడు చేటా శెనక్కాయలూ పట్టుకుని చిత్తూరు పోయాడు. నాకు కన్నుగాడు అన్న పేరు మిగిలింది. గుండు అంచులన్నిటినీ చుట్టుకుని వంగిన అలలు సమాన దూరం నడిచి నీడ మధ్యలో ఒక్కటిగా కలుస్తాయని, అందుకే అక్కడ వెలుగు పుడుతుందని తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు లైబ్రరీలో ఒక లావు పుస్తకంలో చదివాను. ఆ పేజీ జిరాక్సు తీయించి సారుకు పోస్టులో పంపాను. జవాబు లేదు.

మొన్న బంగారుపాళ్యం మీదుగా వెళ్తూ ఆగాను. ఫ్యాక్టరీ మూతపడింది. గోడౌను తలుపు తీసే ఉంది, పసుపు గోడ ముందు దీపం వెలుగుతోంది. ముసలిదైన అత్త నన్ను చూసి, "అబ్బోడా!" అంది. ఇన్నేళ్లూ నూనె ఎవరు పోస్తున్నారని అడిగాను.

"ఆ పొద్దు నీతో వచ్చినాడే, ఆ సారే. వారం వారం వస్తాడు. నూనె పోసి, దీపం తగ్గించి, గోడను సూస్తా నిలబడతాడు."

"ఏమన్నా అంటాడా?"

"ఏమీ అనడు. పోయేటప్పుడు మాత్రం ఆ పిలగాడు యాడుండాడో అంటాడు."

లేజరు లేనిదే చుక్క రాదని తెలిసీ, దీపం ఆర్పి చూద్దామని వంగిన నేను అలాగే ఆగిపోయాను. అత్త చేతిలోని సీసా అందుకుని నేనూ కాస్త నూనె పోశాను. అప్పటి కన్నుగాడు ఇది చూస్తే ఎంత ఉడుక్కునేవాడో అనుకుంటే నవ్వొచ్చింది. సారు మీద వాడి ఫిర్యాదు మాత్రం నేను వెనక్కి తీసుకోలేదు.