నాలుగు మార్కుల తేడా

మా పెద్ద టీచర్ గారు ఇక లేరని ఆదివారం ఉదయం వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "నిద్దట్లోనే వెళ్ళిపోయిందక్కా. ఏ బాధా పడలేదు," అంది. ఇన్ని నెలల మంచం తర్వాత ఆ మాట నాకూ ఊరటగానే ఉంది.

చోడవరంలో ఒక ప్రైవేటు బడిలో ఆవిడ లెక్కలు చెప్పేవారు. ఎప్పుడూ పెన్సిల్‌తోనే రాసేవారు. "సరిదిద్దుకోడానికి సోటుండాలమ్మా," అనేవారు.

నేను అక్కడ సైన్సు టీచర్‌గా కొత్తగా చేరాను. పదో తరగతి 'ఎ' సెక్షన్‌కి మరొకరు, 'బి'కి నేను. అర్ధసంవత్సర పరీక్షల్లో నా సెక్షన్ సగటు 'ఎ' కంటే నాలుగు మార్కులు తగ్గింది. కరస్పాండెంట్ గారు పిలిచి, "నెలాఖరుకి వేరేచోట చూసుకోండమ్మా," అన్నారు. ఇంట్లో సంపాదన నాదొక్కదానిదే.

స్టాఫ్‌రూంలో ఏడుస్తుంటే పెద్ద టీచర్ గారు క్యారేజీ మూసేశారు.

"ఏటమ్మా, ఏటయింది? ఆ రెండు మార్కుల లిస్టులూ ఇలా ఇయ్యి."

ఒక్కో సెక్షన్‌లో పిల్లలెందరు, మార్కులు సగటుకి అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నాయి అని చూసి, భోజనం మానేసి లెక్క కట్టారు. నన్ను వెంటబెట్టుకుని కరస్పాండెంట్ గారి గదికి వెళ్ళారు.

"తేడా నాలుగని సెప్తే సాలదండి. ఎక్కడనుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో సెప్పాలి. ఈ ముప్పయ్యేసిమంది మార్కులు సూస్తే, 'ఎ' వాళ్ళు పదకొండు మార్కులు ముందుండొచ్చు, మూడు మార్కులు వెనకా ఉండొచ్చు. మధ్యలో సున్నా ఉంది, అంటే ఏ తేడా లేకపోనూ వచ్చు."

"ఇది ఖాయమేనా?" అన్నారాయన.

"కాదండి. ఈ పద్ధతి వందసార్లు వాడితే తొంభై అయిదుసార్ల దాకా అసలు తేడాని పట్టుకుంటాది. తేడా లేదని నేను సెప్పడం లేదు. ఉందని మీరూ సెప్పలేరు. ఇంతమాత్రానికి ఈ పిల్ల ఉద్యోగం తీసేస్తారేటి?"

ఆయన కాగితం మడిచి పక్కన పెట్టి, "సర్లెండి, ఉండనివ్వండి," అన్నారు. బయటికొచ్చాక నాకు నవ్వొచ్చేసింది.

మరుసటేడు నా సెక్షనే మూడు మార్కులు ముందు. లడ్డూలు పట్టుకుని పరుగెత్తాను. ఆవిడ మళ్ళీ అదే లెక్క కట్టారు.

"ఇప్పుడూ సున్నా లోపలే ఉందే, గుంటా! అప్పుడు నీ తప్పని సెప్పలేకపోయేం, ఇప్పుడు నీ గొప్పనీ సెప్పలేం. లడ్డూ మాత్రం ఇలా ఇయ్యి."

కాస్త చిన్నబుచ్చుకున్నాను. కానీ సగటు మార్కులంటే నాకున్న భయం ఆ రోజుతో పోయింది. ఇన్నేళ్ళు పిల్లలకి నింపాదిగా పాఠం చెప్పగలిగానంటే ఆవిడ చలవే.

పోయిన నెల చూడ్డానికి వెళ్ళాను. నా చూపుడువేలు పట్టుకుని ఏదో చెబుతూ, మాట మధ్యలోనే నిద్రపోయారు. బయట అనకాపల్లి బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఆవిడ పిడికిలి దానంతటది వదులయ్యేదాకా నేను కదల్లేదు.