నాలుగింటికి దిగే ముల్లు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే ఎగతాళి చేసేవాళ్లలో నేనే ముందుండేవాణ్ణి. నంద్యాలలో పదిహేనేళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. ఇది ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం భయం కాదు, సిగ్గు.

నాకు పాటల పిచ్చి. ముచ్చటపడి ఆంప్లిఫైయరు, రెండు పెద్ద స్పీకర్లు కొనుక్కున్నాను. మా వీధిలో వోల్టేజీ నిలకడగా ఉండేది కాదు. స్టెబిలైజరు పెట్టినా దాని మీటరులో ముల్లు నూట డెబ్బైకి దిగడం, లోపల టక్‌మనడం, పాట మధ్యలో ఆగిపోవడం.

స్తంభం మీద మూడు ఫేజులుంటాయి. మాది వెల్డింగ్ షాపు ఉన్న ఫేజు, అది నడిచినప్పుడల్లా వోల్టేజీ పడిపోయేది. పక్కింటి రూతమ్మది మంచి ఫేజు. ఆమె ఒంటరి మనిషి, దోసెల పిండి రుబ్బి అమ్ముకునేది. తెలిసిన లైన్‌మన్‌ను బతిమాలి, ఆమె ఇంట్లో లేని పూట చూసి, రెండిళ్ల తీగలూ అటువి ఇటు, ఇటువి అటు మార్పించాను. ఫిజిక్స్ చదివి నేను చేసిన ఘనకార్యం అది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం నాలుగింటికి గోడవతల ఆమె గ్రైండరు మూలిగేది. నేను వాల్యూమ్ పెంచుకునేవాణ్ణి.

ఒకరోజు గుమ్మం దగ్గరికొచ్చి అడిగింది. "అప్పా, మీ ఇంట్లో గూడా కరెంటు ఇట్లనే తక్కువొస్తాందా? గ్రైండరు తిరగనంటాంది."

"మాకూ అంతే పెద్దమ్మా" అన్నాను. లోపల నా స్పీకర్లు పాడుతూనే ఉన్నాయి.

నెల తిరక్కుండా ఆమె మోటారు కాలిపోయింది. అప్పుడైనా తీగలు తిరిగి మార్పించి ఉండొచ్చు. మార్పించలేదు. ఆ వయసులో ఆమె రోట్లో రుబ్బడం మొదలుపెట్టింది. ఎప్పటిలాగే మాకు గిన్నెడు పిండి తెచ్చిస్తూ, "బరకగా ఉంటాది, ఏమనుకోగాకండి" అంది. ఆ దోసెలు నేను తిన్నాను. ఎండాకాలంలో ఆమె పోయింది. గుండె ఆగిందన్నారు.

ఆమె ఇంటికి తాళం పడిన వారానికి, సరిగ్గా నాలుగింటికి నా స్టెబిలైజరు ముల్లు నూట డెబ్బైకి దిగింది. ఒక వాయి పిండి రుబ్బేంత సేపు ఉండి పైకి లేచింది. మరుసటి రోజూ అంతే. అదే బోర్డులో మల్టీమీటరు పెడితే రెండు వందల ఇరవై చూపించింది. ఫ్యాను మామూలుగానే తిరుగుతోంది. కొత్త స్టెబిలైజరు తెచ్చాను. దానిదీ అదే తీరు. లైన్‌మన్ స్తంభం ఎక్కి చూసి, "ఈడ ఏం లోపం లేదు సార్" అని దిగాడు. నా మొహం మాత్రం చూడలేదు.

తర్వాత ఆళ్లగడ్డకు బదిలీ అయింది. వేరే ఊరు, వేరే ట్రాన్స్‌ఫార్మరు. అక్కడా నాలుగింటికి ముల్లు దిగింది. నా భార్య కూడా చూసి, "ఏందిది?" అంది. తీగలు మార్పించిన సంగతి ఆమెకు తెలియదు. ఇది చదివాక తెలుస్తుంది.

మొన్నామధ్య ముల్లు దిగగానే గది తలుపు వేసుకున్నాను. "పెద్దమ్మా, ఆ పొద్దు మా ఇంట్లో కరెంటు బాగానే ఉండె. నీది నేనే తీసుకున్నా" అని పైకే చెప్పాను. ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. వాయి అయ్యేదాకా ముల్లు అక్కడే ఉండి, ఎప్పటిలాగే లేచింది.

ఇది ఎలా జరుగుతోందో నా చదువుకు అందలేదు. ఇప్పుడు నాలుగయ్యేసరికి పాట ఆపేసి, ముల్లు లేచేదాకా దాని ముందే కూర్చుంటాను. ఆ కాసేపు వాల్యూమ్ పెంచే మొహం నాకు లేదు.