సైకిలు తెచ్చుకున్న రోజు

నేను కోరుట్లలో ఉంటాను. మల్లాపూర్ పోయే దారిలో తొమ్మిది కిలోమీటర్ల దూరాన ఒక ఊరుంది. ఆ ఊరి సబ్‌సెంటర్‌లో నర్సు పని నాది. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు; గల్ఫ్‌లో ఎక్కడున్నా మా దగ్గర దుబాయే అంటారు. ఇంట్లో నేనూ మా అత్తమ్మా; మరిది పెళ్ళయి వేరే ఉంటాడు. నలభై ఏళ్ళ వయసులో నేను మళ్ళీ సైకిలెక్కాను. అప్పటికి ఇరవై ఏళ్ళుగా దాన్ని ముట్టుకోలేదు.

ఎక్కడానికి కారణం ఒక ఆటో. ఆ రోజు బుధవారం, పిల్లలకు టీకాలు వేసే రోజు. టీకాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని షేర్ ఆటోలో కూర్చున్నాను. ఆరుగురు కూర్చోవాల్సిన దాంట్లో పన్నెండు మందిమి ఉన్నాం. పక్కనున్న మనిషి మోచెయ్యి మొదటి మలుపు నుంచే నా మీదికి జరుగుతూ వచ్చింది. రెండుసార్లు డబ్బా అడ్డం పెట్టాను. మూడోసారి ఆటో ఆపమన్నాను.

"ఇంక మూడు కిలోమీటర్లున్నది నర్సమ్మా, నడుమల దిగుడేంది?" అన్నాడు డ్రైవరు.

"నడిచి పోత. గీ మనిషి పక్కపొంటి మాత్రం కూసోను."

అందరికీ వినపడేట్టే అన్నాను. ఆ మనిషి రోడ్డు వైపు మొహం తిప్పుకున్నాడు. మిగతా పదిమందిలో ఒక్కరూ నోరు విప్పలేదు. నాకు ఎక్కువ కోపం వచ్చింది దానికే. ఆ కోపంతోనే మూడు కిలోమీటర్లూ నడిచాను. నేను చేరేసరికి తల్లులు పిల్లల్ని ఎత్తుకుని అరగంట నుంచి ఎదురుచూస్తున్నారు.

సాయంత్రం ఇంటికొచ్చి, ఇక ఆటో ఎక్కనని అత్తమ్మతో చెప్పాను. ఆమె బీడీలు చుడుతూ తలెత్తింది. "మరెట్ల పోతవు?" అంది. సైకిలు మీద పోతానన్నాను. ఆమె మళ్ళీ తల దించుకుని ఆకు కత్తిరించింది. ఫోన్లో మా ఆయన మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు.

"స్కూటీ కొనుక్కో. సైకిలేంది? దుబాయోని పెండ్లాం సైకిలు తొక్కుతున్నదంటె మంది నన్నేమంటరు?"

"ఆటోల గా మనిషి మీద మీద పడ్డప్పుడు మంది ఏమన్లేదు. ఇప్పుడు ఏమన్న అంటె అననియ్."

స్కూటీ మీద నాకేం పగ లేదు. అది నాకు రాదు, సైకిలు వచ్చు, అంతే. నేను పుట్టింది సిరిసిల్లలో. మా నాన్న సాంచాల మీద పనిచేసేవాడు. మరమగ్గాలను మా దగ్గర అట్లాగే అంటారు. పొద్దున పని దిగొచ్చి ఆయన పడుకున్నాడంటే ఇక ఆ సైకిలు నాది. సీటు అందేది కాదు. కడ్డీ కింది నుంచి కాలు దూర్చి కైంచి తొక్కుతూ నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక మానేశాను. ఎవరూ వద్దనలేదు, ఎవరూ తొక్కమని కూడా అనలేదు. బీపీ, షుగరు ఉన్నవాళ్ళకు ఒళ్ళు కదిలించమని రోజూ చెప్పే నేను నా బీపీ చూసుకుని గప్‌చుప్‌గా మిషన్ మూసేసే దాకా వచ్చింది సంగతి.

కోరుట్లలో ఒక సైకిలు దుకాణానికి పోతే, బిడ్డ కోసమా అని అడిగారు. నాకే అంటే నవ్వారు. అక్కడ కొనకుండా ఆదివారం జగిత్యాల బస్సెక్కాను. అక్కడి దుకాణంలో ఒక ముసలాయన స్టూలు మీద కూర్చుని చక్రానికి పుల్లలు బిగిస్తున్నాడు. లావు టైర్లు, గేర్లు ఉన్న ఎర్ర సైకిలు ఒకటి నా కంటికి నచ్చింది. అదే చూపించాను.

"పహాడ్, గుట్టలు ఎక్కుతవా బేటీ?" అన్నాడు.

"లేదు చాచా. డ్యూటీకి పోత."

"ఎంత దూరం? తోవ ఎట్లుంటది? చీర కడ్తవా, డ్రెస్సు ఏస్తవా? ఎన్క ఏం పెట్టుకుంటవు?"

అన్నిటికీ జవాబు చెప్పాను. సైకిలును రంగు చూసి కొంటారని అప్పటిదాకా నా లెక్క. ఆయన ఎర్ర సైకిలు వైపు కన్నెత్తి కూడా చూడకుండా లోపలి నుంచి నల్లది ఒకటి తీసుకొచ్చాడు. కడ్డీ కిందికి వంగి ఉంది. గొలుసు మీద పూర్తి మూత. కొంగు చిక్కకుండా వెనక చక్రానికి జాలీ. గట్టి క్యారేజీ. నన్ను ఎక్కించి, మడమ కింది పెడలు మీద పెట్టమని, కాలు దాదాపు నిటారుగా వచ్చేదాకా సీటు పైకి లేపాడు. దిగమని, మళ్ళీ ఎక్కమని, మునివేళ్ళు నేలకు ఆనుతున్నాయో లేదో వంగి చూశాడు. బ్రేకు పిడి నా వేళ్ళకు దూరమైతే స్క్రూ తిప్పి దగ్గరికి తెచ్చాడు.

"తొక్కి సూడు. ఊకె సూస్తె ఏం తెలుస్తది?" అన్నాడు.

గల్లీలోకి తీసుకెళ్ళి ఎక్కాను. హ్యాండిలు అటూ ఇటూ ఊగింది. టీ కొట్టు దగ్గర నిలబడ్డ ఇద్దరిలో ఒకడు, "ఆంటీ, పడ్తవ్" అన్నాడు.

"పడ్తె లేస్త" అన్నాను ఆగకుండానే. గల్లీ చివరిదాకా పోయి తిరిగొచ్చాను. పడలేదు.

చాచా అద్దం ఒకటి, వెనక ఎర్ర బిళ్ళలు రెండు బిగించాడు. "నువ్వు బండ్లను సూసుడు గాదు, బండ్లు నిన్ను సూడాలె" అన్నాడు. "మరీ అంచుకు పోకు. అంచుకు పోయినకొద్ది లారోడు నిన్ను ఇంక అంచుకు నూకుతడు."

సైకిలును బస్సు మీద వేయించుకుని కోరుట్లకు తెచ్చాను. నా డ్యూటీ ఊరికి రెండు తోవలు. ఒకటి రోడ్డు, ఒకటి కాలువ కట్ట. పొద్దున కట్ట మీద పోయేదాన్ని. ఆ వేళకు రెండు పక్కలా పొలాల్లో మనుషులుంటారు. సాయంత్రం ఎవరూ ఉండరు కాబట్టి రోడ్డు మీద వచ్చేదాన్ని. కట్ట మీద కంకర లేచిన చోట బ్రేకు గట్టిగా పట్టకూడదని, కుక్కలు వెంటపడితే తొక్కడం ఆపి నెమ్మదిగా దిగి నిలబడాలని నాకు నేనే నేర్చుకున్నాను. నెల తిరిగేసరికి నర్సమ్మ సైకిలు వచ్చిందంటే తొమ్మిదయిందని ఊళ్ళోవాళ్ళు అనుకునే దాకా వచ్చింది.

మే నెలాఖరున పడ్డాను. యాసంగి కోతలు అవుతున్నాయి. రోడ్డుకు సగం దాకా వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున వరసగా రాళ్ళు పెట్టారు. ఎదురుగా ఒక లారీ ఇంకో లారీని దాటుతూ నా మీదికి వచ్చింది. పక్కకు తిప్పాను. ముందు చక్రం రాయికి తగిలింది. ఎడమ చెయ్యి కింద పెట్టి పడ్డాను. క్యారేజీ మీది డబ్బా దొర్లి రోడ్డు పక్క మోరీలో పడింది. నేను ముందు చూసింది దాని మూత వైపే. ఊడలేదు.

వడ్ల రైతు పరుగున వచ్చాడు. అతని ఇద్దరు పిల్లలకూ టీకాలు నా చేత్తోనే వేశాను.

"దెబ్బ తాకిందా నర్సమ్మా? గీ రోడ్డు మీద సైకిలేంది, ఆటోల రావద్దా?"

"గీ రోడ్డు మీద రాళ్ళేంది?"

"రాళ్ళు పెట్టకుంటె బండ్లు వడ్ల మీదికెళ్ళి పోతయ్. తేమ ఉంటె కొనేటోళ్ళు కాంట పెట్టరు. నేనేడ ఆరబోయాలె?"

అతను చెప్పిందీ నిజమే, ఆరబోసుకునే కల్లం లేని రైతు. కానీ నా చెయ్యి మణికట్టు దగ్గర వేలాడుతోంది. "వడ్లు ఆరబోసుకో. రాళ్ళు తియ్యి. టైరు కింద పడ్డ వడ్లు మళ్ళ ఎత్తుకోవచ్చు" అన్నాను. అతను నన్ను లేపి, మోటారు సైకిలు మీద కోరుట్ల దవాఖానకు తీసుకొచ్చి దించాడు. సైకిలునూ డబ్బానూ తర్వాత మా ఇంటికి చేర్చాడు.

మణికట్టు విరిగింది, ఆరు వారాలు సిమెంటు పట్టీ. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఒకటే పాట: చెప్తె విన్నవా? రాళ్ళు పెట్టిన మనిషిని ఎవరూ ఏమీ అనలేదు. లారీ తోలిన మనిషి ఊసే లేదు. తప్పంతా సైకిలెక్కిన ఆడమనిషిది. వాళ్ళకు చాయ్ ఇచ్చాను గానీ ఇక ఎక్కనని మాత్రం ఒక్కరికీ మాటివ్వలేదు.

పదో రోజు, పట్టీ చేత్తోనే డ్యూటీలో చేరాను. తప్పక ఎక్కిన ఆటోను పడ్డ చోట ఆపించుకుని దిగాను. ఆ రైతు తన రాళ్ళు తీసేశాడు. పక్కవాళ్ళవి అట్లాగే ఉన్నాయి. కుడి చేత్తో ఒక్కోటి ఎత్తి మోరీలోకి విసరడం మొదలుపెట్టాను.

"మా రాళ్ళు నువ్వెందుకు తీస్తున్నవ్?" అంటూ ఒకామె చేతిలో జల్లెడతో లేచి వచ్చింది. నేను పట్టీ చెయ్యి పైకెత్తి చూపించాను. ఆమె తిట్టుకుంటూ నిలబడింది. అంతలో ఆ రైతు వచ్చి, నన్ను గానీ ఆమెను గానీ చూడకుండా, వరసకు అటు చివర నుంచి రాళ్ళు ఎత్తడం మొదలుపెట్టాడు.

జూలైలో పట్టీ కోశారు. ఇంటికొచ్చి మెట్ల కింద చూస్తే సైకిలు లేదు.

"మరిది తీస్కపోయిండు" అంది అత్తమ్మ. "సారంగాపూర్ల వాళ్ళ అత్తగారింట్ల పెట్టిండట. నీ మంచికే అన్నడు బిడ్డ."

"నన్నడగకుండ నా మంచేంది అత్తమ్మా?"

మర్నాడు సెలవు పెట్టి జగిత్యాలకు, అక్కడి నుంచి సారంగాపూర్‌కు బస్సులు మారి వెళ్ళాను. సైకిలు కొట్టంలో, ఎరువు బస్తాల వెనక ఉంది. మరిది అత్తగారు చాయ్ పెట్టింది. నేను వచ్చిన పని చెప్పాక ఆమె ఇబ్బందిగా కదిలింది.

"అల్లుడు ఇయ్యొద్దన్నడమ్మా."

"ఇచ్చుడు మీది గాదు, తీస్కపోవుడు నాది."

"బస్సు మీద ఏస్తరా మరి?"

"తొక్కుకుంట పోత."

పంక్చర్ల కొట్టులో గాలి కొట్టించి పదింటికి బయల్దేరాను. కోరుట్ల దాకా ముప్పై అయిదు కిలోమీటర్ల పైనే. ఎడమ చేతిలో ఇంకా బలం లేదు. గుంత వచ్చినప్పుడల్లా మణికట్టులో సూది దిగినట్టయ్యేది. సన్నగా వాన పట్టింది. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. ఒకామె కేకేసి ఎక్కడికని అడిగింది. కోరుట్లకన్నాను.

"బస్సులు లెవ్వా?"

"ఉన్నయ్. సైకిలు గూడ ఉన్నది గదా."

వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎగతాళిగా అనిపించలేదు.

జగిత్యాల దాటాక పెద్ద రోడ్డు. లారీల గాలికి సైకిలు పక్కకు కొట్టుకుపోతోంది. భయం వేయలేదంటే అబద్ధం. వంతెన ఇరుకుగా ఉన్న చోట దిగి నడిపించాను, అందులో సిగ్గేం లేదు. మిగతా చోట్ల అంచుకు పోకుండా నా జాగాలో నేను తొక్కాను. హారన్లు కొట్టారు. కొట్టనిచ్చాను. మధ్యలో రెండుసార్లు ఆగి చేతికి తడిగుడ్డ చుట్టుకున్నాను. నాలుగింటికి కోరుట్లలో మా గల్లీ తిరిగేసరికి తొడలు వణుకుతున్నాయి. అత్తమ్మ గుమ్మంలో నిలబడి సైకిలును, నన్ను, బురదకొట్టుకున్న చీరను చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చింది.

మర్నాడు పొద్దున్నే మరిది వచ్చాడు. అప్పటికి నేను డబ్బా క్యారేజీకి కడుతున్నాను.

"ఏంది వదినె గిది? మా అత్తగారింట్ల నా ఇజ్జత్ తీసినవ్."

"నా సైకిలు నాకు చెప్పకుండ తీస్కపోయినప్పుడు నా ఇజ్జత్ ఏడ పోయింది?"

"అన్నకు చెప్త."

"చెప్పు. సారంగాపూర్ నుంచి ఎన్ని కిలోమీటర్లు తొక్కిన్నో గది గూడ చెప్పు."

అతను సాయం కోసం తల్లి వైపు చూశాడు. అత్తమ్మ బీడీల చాట ఒళ్ళోకి లాక్కుని, "పొద్దువోతున్నది, ఆమెను పోనియ్ రా" అంది.

మరిది రెండు నెలలు మా గడప తొక్కలేదు. మా ఆయన వారం రోజులు ఫోన్లో ముక్తసరిగా మాట్లాడాడు. తర్వాత ఒకరోజు, చెయ్యి ఇంకా నొస్తోందా అని అడిగాడు. చలికి నొస్తోందన్నాను. నొప్పి ఇప్పటికీ పోలేదు. రోజుకు పద్దెనిమిది కిలోమీటర్లు తొక్కుతూనే ఉన్నాను.