టేపత్త వెతికిన గీత

మా నాన్న చెల్లెల్ని పేరు పెట్టి పిలవడం ఇంట్లో అందరూ ఎప్పుడో మానేశారు. నాకైతే ఆవిడ టేపత్త. కర్టెన్ల షాపులో పని. ఇళ్లకు వెళ్లి కిటికీలు కొలవాలి, షాపుకొచ్చి గుడ్డ కత్తిరించి కుట్టించాలి, మళ్లీ వెళ్లి నిచ్చెనెక్కి రాడ్డుకు తగిలించి రావాలి. పొద్దున మెడలో పడిన టేపు రాత్రి పడుకునేదాకా దిగదు. ఎవరింటికైనా చూడ్డానికి వెళ్లి, ఇచ్చిన టీ తాగుతూ, "మీ కర్టెను ఒక అంగుళం పొట్టి అయిందండీ, ఎవరు కుట్టారు?" అని అడిగేస్తుంది. అడగకుండా ఉండమంటే ఉండలేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

ఆవిడ భర్త, మా మామయ్య, ఈ విషయంలో ఆవిడకి పూర్తిగా వ్యతిరేకం. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసేవాడు. నాలుగేళ్ల కిందట స్తంభం మీదనుంచి పడ్డాడు. నడుం కింద రెండు కాళ్లూ పనిచేయడం మానేశాయి. అప్పట్నుంచి ఇంటి ముందుగదిలో చక్రాల కుర్చీలో కూర్చుని మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తుంటాడు. చేతులు మునుపటికంటే గట్టిపడ్డాయి. మాటలు మాత్రం బాగా తగ్గాయి.

పడిన కొత్తలో ఒక పెళ్లికి తీసుకెళ్లారు. హాలు పై అంతస్తులో ఉంది, లిఫ్టు ఆరోజే చెడిపోయింది. నలుగురు బంధువులు ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి, "కాస్త ఎడమకి, ఎడమకి, గోడ తగుల్తోంది" అని కేకలేసుకుంటూ మెట్లెక్కించారు. ఇంటికొచ్చాక మామయ్య స్క్రూడ్రైవరు తీసుకుని, కుర్చీ వెనక తోయడానికి ఉండే రెండు పిడులూ ఊడదీసి పాత సామాన్ల డబ్బాలో పడేశాడు. "నేను బీరువాని కాను" అన్నాడు. ఆ తర్వాత వీధి మలుపు దాటి వెళ్లింది లేదు.

మా వీధి వెనక కొండ ఉంది. కొండ మీద టవరు, టవరు మీద ఎర్రదీపం. ఆ దీపానికి లైను లాగింది మామయ్యే. పెళ్లి కుదిరిన రోజుల్లో అత్తని వెంటబెట్టుకెళ్లి గర్వంగా చూపించింది కూడా దాన్నే. రోజూ చీకటి పడగానే ఆయన కిటికీలోంచి అటు చూసి "వెలిగింది" అంటాడు. అత్త ఊ కొడుతుంది. ఒక సాయంత్రం మాత్రం ఊ కొట్టకుండా, "దగ్గరికెళ్లి చూసొద్దామా?" అంది.

మామయ్య విప్పిన ఫ్యాను మోటారుని పక్కకి నెట్టాడు.

"నా చేతులతో నేను వెళ్లగలిగితే వస్తా. ఎవరూ ఎత్తకూడదు. వెనకనుంచి తొయ్యకూడదు. మధ్యలో ఎక్కడైనా ఎవరైనా చెయ్యెయ్యాల్సి వచ్చిందో, అక్కణ్ణుంచే వెనక్కి తిరుగుతా. మళ్లీ నువ్వు ఈ ఊసెత్తకూడదు."

"సరే" అంది అత్త. ముందు ఒప్పేసుకుని తర్వాత ఆలోచించడం ఆవిడ అలవాటు.

ఆలోచించడానికి పైపోర్షన్‌లో ఉంటున్న నా దగ్గరికొచ్చింది. కొండకి ముందువైపున్నవి సిమెంటు మెట్లు. కుర్చీ వెళ్లే దారి కావాలి. నేను రోజూ పొద్దున్నే పరుగెడతానని, ఫోనులో ఏవేవో చూసుకుని మురిసిపోతుంటానని ఆవిడకు తెలుసు. అందుకని నా ఫోనులో దారులు చూపించే మ్యాపు ఒకటి తీసి చూపించాను. మనం నడిచినా, పరుగెత్తినా, సైకిలు తొక్కినా ఫోను ఆ దారిని గుర్తుపెట్టుకుంటుంది. అలా ఊరందరి దారుల్నీ ఒకదానిమీద ఒకటి వేస్తే ఈ మ్యాపు తయారవుతుంది. ఎక్కువమంది తిరిగిన దారి లావుగా మెరుస్తుంది, తక్కువమంది తిరిగినది సన్నగా కనిపిస్తుంది. నడక, పరుగు, సైకిలు విడివిడిగా కూడా చూడొచ్చు. వెళ్లిందెవరో తెలియదు, వెళ్లారని మాత్రం తెలుస్తుంది.

అత్త నా ఫోను లాగేసుకుంది. "ఇది మన వీధే కదే. ఇదిగో మా షాపు. చూడు, చూడు, పార్కు చుట్టూ ఎలా వెలిగిపోతోందో. ఈ సందులోంచి కూడా మనుషులు వెళ్తారా? ఇన్నేళ్లున్నాను, నాకు తెలీదే." ఒక గంటసేపు నా ఫోను నాకు దక్కలేదు. మర్నాటికి తన ఫోనులోనూ వేయించుకుంది. ఇక ఆ వారం ఆవిడకి కాలు నిలవలేదు. కౌంటరు మీద ఒక చేత్తో గుడ్డ, ఇంకో చేత్తో కొండ. ఎవరింటి పడగ్గది కర్టెన్లు ఎవరింటి వంటగదికి వెళ్లాయో షాపు ఓనరునే అడగాలి.

"నడిచేవాళ్ల గీతలు మనకొద్దు" అని ఒకరోజు మెట్ల మీదనుంచే కేకేసింది. "వాళ్లు మెట్లెక్కిపోతారు. సైకిళ్లవి చూడాలి. సైకిలు ఎక్కిన చోటికి కుర్చీ ఎక్కదా?"

నిజం చెప్పాలంటే నాక్కూడా ఆ తెలివికి ముచ్చటేసింది. సైకిళ్ల గీతల్లో ఒకటి కొండ పక్కనుంచి పైదాకా ధగధగలాడుతోంది. ఆదివారం ఇద్దరం ఉత్సాహంగా బయల్దేరాం. చెట్ల మధ్య ఇరుకు దారి, అక్కడక్కడా చెక్కలు ఏటవాలుగా బిగించి ఉన్నాయి. ఈ చెక్కలెందుకా అని అత్త టేపు తీసి కొలవబోతుండగా పైనుంచి ఒక సైకిలు గాల్లోకి లేచింది. నేను అత్తని పక్కకి లాగకపోతే ఆ సైకిలు టేపుతో సహా ఆవిణ్ణి తీసుకుపోయేది. హెల్మెట్టు పెట్టుకున్న అబ్బాయి కింద ఎక్కడో ఆగి, "ఆంటీ, ఇది దిగే దారండీ. ఇటునుంచి ఎవరూ ఎక్కరు, మేం సైకిళ్లు వ్యానులో పైకి తీసుకెళ్తాం" అన్నాడు.

గీతకి ఎక్కడమో దిగడమో తెలియదు కదా. మా ఇద్దరికీ అది తట్టలేదు. అక్కడే రాయి మీద కూర్చుని అత్త కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఇంటికొచ్చే దారిలో మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోతే నాకు భయం. మామయ్య గుమ్మంలో మమ్మల్ని చూసి ఫ్యానులోకి తల దించేశాడు. ఆయన ఎదురుచూస్తున్నాడని నాకు అప్పుడే తెలిసింది. పైకి కాదంటున్న మనిషి లోపల ఎంత ఆశ పెట్టుకున్నాడో.

రెండ్రోజుల తర్వాత నేనింకా లేవకముందే అత్త తలుపు దబదబా బాదింది.

"లేవవే. కొండ వెనకాల ఒక గీతుంది. పరుగెత్తేవాళ్ల గీతల్లో దొరికింది. వెంట్రుకంత సన్నగా ఉంది, కానీ చూడు, ఎన్ని వంకరలు తిరిగిందో."

నేను కళ్లు నులుముకుంటూ చూశాను. నిజమే. నిట్టనిలువుగా పోవాల్సిన చోట ఆ గీత తీరిగ్గా ఇటోసారి అటోసారి వెళ్తూ పైకి చేరింది.

"కాళ్లతో పోయేవాడు ఎవడైనా ఇంత చుట్టు తిరుగుతాడా? వాడి దగ్గర చక్రాలున్నాయి. పరుగని రాసుకున్నాడు గానీ వాడు ఏదో తోసుకెళ్తున్నాడు."

నా నిద్ర ఎగిరిపోయింది. మొహం కడుక్కుని చెప్పులేసుకునే లోపు ఆవిడ వీధిలో ఉంది.

కొండ వెనక ఒకప్పటి నీళ్లట్యాంకుకి వేసిన తారురోడ్డు అది. ట్యాంకు పాడుపడ్డాక అందరూ మర్చిపోయారు. రెండు పక్కలా గడ్డి పెరిగింది గానీ నడుమ తారు ఇంకా నున్నగానే ఉంది. ఒక్క మెట్టు లేదు. మూడో మలుపు తిరిగేసరికి మా ముందు ఒకాయన కవల పిల్లల్ని చంటిపిల్లల బండిలో తోసుకుంటూ మెల్లగా పరుగెడుతున్నాడు. మమ్మల్ని చూడగానే పెదాల మీద వేలు పెట్టాడు. "ఇప్పుడే పడుకున్నారు. ఆగితే లేస్తారు" అని గొణిగాడు. సన్నగీతకి కారణం ఈయనే. ఇంట్లో నిద్రపోని పిల్లలు బండి కదిలితేనే నిద్రపోతారట. పక్కనే పరుగెడుతూ అత్త జీవితంలో మొదటిసారి గుసగుసగా మాట్లాడింది.

"పైదాకా వెళ్తుందా బాబూ?"

"టవరు దాకా. చివర్లో ఒకచోట ఇరుకు. మోటారుసైకిళ్లు రాకుండా రెండు ఇనుప స్తంభాలు పాతారు. మా బండి దూరిపోతుంది."

స్తంభాల దగ్గర అత్త టేపు సాగదీసింది. ఇరవై ఎనిమిది అంగుళాలు. కుర్చీ వెడల్పు ఆవిడకి నోటికొచ్చు, ఇరవై ఆరు. అటు అంగుళం, ఇటు అంగుళం. కర్టెన్ల లెక్కలో అది బోలెడు. నన్ను గట్టిగా పట్టుకుని గిరగిరా తిప్పింది. ఇద్దరం గడ్డిలో పడ్డాం.

ఎండ ముదరకముందే చేరాలని ఆ ఆదివారం తెల్లారుతూనే మామయ్యతో బయల్దేరాం. కొండ మొదలుదాకా అద్దె వ్యానులో వెళ్లాం. దాంట్లోకి ఎక్కడం కూడా మామయ్య తన చేతులతోనే చేశాడు. అక్కణ్ణుంచి చేతికి తొడుగులు వేసుకుని చక్రాలు తిప్పడం మొదలుపెట్టాడు. ప్రతి మలుపులో కుర్చీని అడ్డంగా తిప్పి బ్రేకు వేసుకుని ఊపిరి తీసుకునేవాడు. పొరపాటున చెయ్యి వెళ్తుందేమోనని అత్త తన చేతులు వెనక్కి కట్టుకుని ముందు నడిచింది. రెండు మలుపులు దాటాక మామయ్య మాటలు మొదలయ్యాయి. ఆ వైర్లు ఎవరు లాగారు, ఏ ముడి తప్పు కట్టారు, ఏ వానలో ఎవరు జారిపడ్డారు. అత్తకి మధ్యలో మాట్లాడే సందు దొరకలేదు. నాలుగేళ్ల మాటలు ఒక్కసారే వస్తుంటే నాకు పట్టలేనంత సంతోషంగా ఉంది.

స్తంభాల దగ్గర దారివ్వడానికి అత్త వెనక్కి వచ్చింది. కుర్చీ ముందుభాగం సందులోకి దూరింది. ఆ తర్వాత ఆగిపోయింది. మామయ్య వేళ్లు స్తంభాలకి తగిలి ఒరుసుకున్నాయి.

కుర్చీకి సందు సరిపోతుంది. చక్రాల మీదున్న చేతులకి సరిపోదు. కిటికీ కొలిచినట్టు స్తంభాల నడుమ సందు కొలిచింది, గుడ్డ కొలిచినట్టు కుర్చీ కొలిచింది. ఆ కుర్చీని నడిపే పిడికిళ్లని మాత్రం కొలవలేదు. పక్కనుంచి పోదామంటే ఒకవైపు రాయి, ఇంకోవైపు గోతి. పైగా అక్కడే ఎత్తు. చక్రాలు వదిలితే కుర్చీ వెనక్కి జారిపోతుంది. టవరు ఎదురుగా కనిపిస్తోంది.

"నాదే తప్పు" అంది అత్త. మొహంలో నెత్తురు లేదు. "ఒక్క నెట్టు నెడితే..." అంటూనే నాలుక కరుచుకుంది. అప్పటికే చేతులు వాటంతటవే కుర్చీ వెనక్కి వెళ్లి పిడుల కోసం తడిమాయి. అక్కడ పిడులు లేవు.

మామయ్య బ్రేకు వేశాడు. ఇక వెనక్కి తిప్పుతాడనుకున్నాను. ఆయన తొడుగులు విప్పి ఒళ్లో పెట్టుకుని స్తంభాల వంక చూశాడు. పడిన రోజు తర్వాత ఆయన స్తంభాన్ని ముట్టుకోలేదు. దారిలో కరెంటు స్తంభం వస్తే తల తిప్పుకునే మనిషి. ఇప్పుడు కుడిచేత్తో ఒకదాన్ని పట్టుకున్నాడు. పట్టు సరిచూసుకున్నాడు. ఎడంచేత్తో బ్రేకు వదిలి రెండోదాన్ని పట్టుకున్నాడు. భుజాలు బిగించి ఒక్క లాగు లాగాడు.

కుర్చీ సందులోంచి వచ్చేసింది. స్తంభాలు వెనకపడేసరికి వాటినే వెనక్కి నెట్టి, చేతులు చక్రాల మీదకి తెచ్చుకున్నాడు.

"అత్తా, దాటాడు" అన్నాను, ఆవిడ కళ్లు మూసుకుని ఉందని.

పైన అవతలివైపు చెరువు పరుచుకుని ఉంది. అత్త ఏడుస్తూ నవ్వుతూ అదే మాట పదిసార్లు చెప్పింది: "వచ్చేశాం కదండీ." మామయ్య టవరు కింద తను బిగించిన పెట్టె దగ్గరికి వెళ్లి, దాని మూత వదులైందని గొణిగి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి బిగించాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"ఆ మ్యాపులో గీత కాస్త లావయిందా?"

"ఒక్కసారికి ఏం తెలుస్తుంది మామయ్యా. మళ్లీ మళ్లీ వస్తే అవుతుంది."

ఆయన చెరువు వంక చూశాడు. "నాలాంటివాడు ఇంకెవడో ఎక్కడో కూర్చుని వెతుక్కుంటూ ఉంటాడు. వాడికి కనపడాలి కదా."

అత్త మెడలోంచి టేపు తీసి, ఆయన చేతులు చక్రాల మీద ఉండగానే ఈ పిడికిలి నుంచి ఆ పిడికిలి దాకా కొలిచింది.

"ముప్పై రెండు" అంది.

"గుర్తుంచుకో" అన్నాడు మామయ్య. "వచ్చే ఆదివారం పనికొస్తుంది."