నకలని చెప్పిన సముద్రం

2004లో నేను కొత్తగూడెంలో డ్రాయింగ్ మాస్టారుని. ఒక మధ్యాహ్నం ఎవరో అపరిచితుడు వచ్చి, పాత చిత్రానికి వెల కట్టాలంటూ నన్ను జీపులో పినపాక దాటించి, అడవి అంచున ఒక ఇంటికి తీసుకెళ్లాడు.

అది ఫ్రాన్సు సముద్రతీరం, నూనెరంగుల చిత్రం. రంగు బీటలు చూడగానే వందేళ్లనాటి అసలుదని తెలిసింది. వెనక్కి తిప్పితే చట్రం చెక్క మీద మా ఊరి క్రైస్తవ మిషన్ బంగళా ముద్ర కనిపించింది. నెల కిందట కాపలాదారుణ్ణి చంపి ఒక చిత్రాన్ని ఎత్తుకుపోయింది ఆ బంగళా నుంచే.

నా వెనక తలుపు గడియ పడింది.

"ఏంది సారూ, గట్ల చూస్తున్నవ్? అసలుదేనా?"

"నకలు. పనికిరాదు," అన్నాను, అసలుదంటే ముద్ర గుర్తుపట్టానని తెలిసి నన్నూ చంపుతాడన్న భయంతో.

అతను వంటింట్లో ఉన్న తల్లితో, "అమ్మా, గిది పొయ్యిల పెట్టు," అన్నాడు.

సముద్రం నా కళ్లముందే కాలిపోయింది.

అతను నన్ను తిరిగి ఊళ్లో దింపేశాక పోలీసులకు చెప్పినా, ఆ హత్యకున్న సాక్ష్యాన్ని నేనే కాల్పించానన్న బాధ ఈనాటికీ పోలేదు.